ఆత్మగౌరవం రోజురోజుకూ ఎంత ఊగుతోంది? కొలిచే పద్ధతుల్లో ఏది ఎవరికి పనికొస్తుంది

ఒక మనిషికి తన మీద తనకున్న విలువ ఎంత అన్నది ఒక ప్రశ్న. ఆ విలువ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎంత నిలకడగా ఉంది అన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాద్‌లో సైకాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసేవాళ్లు, కాలేజీ కౌన్సెలర్లు ఈ రెండో ప్రశ్న అడగాలనుకుని మొదటి ప్రశ్నకు తయారైన ప్రశ్నావళిని పట్టుకుని బయల్దేరుతుంటారు. డేటా అంతా చేతికొచ్చాక గానీ అసలు సంగతి అర్థం కాదు. అందుకే పద్ధతి ఎంపిక ముందే తేలిపోవాలి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మైకేల్ కెర్నిస్, ఆయన సహచరులు 1989లో చూపించారు. ఆత్మగౌరవం ఎక్కువగా ఉండి, రోజూ ఊగిసలాడేవాళ్లలో కోపం, శత్రుభావం అందరికన్నా ఎక్కువగా కనిపించాయి. అంతే ఎక్కువ ఆత్మగౌరవం ఉండి, నిలకడగా ఉన్నవాళ్లలో అందరికన్నా తక్కువగా కనిపించాయి. ఒక్కసారి పరీక్ష పెడితే ఈ రెండు గుంపులకూ ఒకే స్కోరు వస్తుంది. విడదీసేది నిలకడ మాత్రమే.

చేతిలో ఉన్న దారులు

అన్నిటికన్నా చౌకైన దారి: మనిషినే నేరుగా అడగడం. మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లోనే ఇందుకు అయిదు ప్రశ్నల చిన్న స్కేలు ఇచ్చాడు. మీ గురించి మీకున్న అభిప్రాయం తరచూ మారుతుంటుందా, ఒకరోజు ఒకలా ఇంకోరోజు ఇంకోలా అనిపిస్తుందా అన్న తరహా ప్రశ్నలు. రెండు నిమిషాల పని. చిక్కేమిటంటే, తన ఊగిసలాట ఎంతో మనిషికి సరిగ్గా గుర్తుండదు. నిన్న రాత్రి బాగా కుంగిపోయి ఉంటే నెలంతా అలాగే గడిచిందనిపిస్తుంది. రోజువారీ రీడింగులు తీసి లెక్కగట్టిన ఊగిసలాటకూ, ఈ స్కేలు స్కోరుకూ పొంతన అంతంత మాత్రమే. 'తన నిలకడ గురించి మనిషి ఏమనుకుంటున్నాడు' అన్నదే మీ ప్రశ్న అయితే ఇది వాడండి. అసలు నిలకడే కావాలంటే వాడొద్దు.

రెండో దారిలో చాలామంది పొరబడతారు. ఆత్మగౌరవం ఎంతో కొలిచే రోజెన్‌బర్గ్ పది అంశాల స్కేలును ఇవాళ ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఇచ్చి, రెండు స్కోర్ల మధ్య సహసంబంధం 0.8 వచ్చింది కాబట్టి ఆత్మగౌరవం నిలకడగా ఉందని రాసేస్తారు. ఆ అంకె చెప్పేది వేరు. గుంపులో ముందున్నవాళ్లు ముందే ఉన్నారు, వెనకున్నవాళ్లు వెనకే ఉన్నారు, అంతవరకే. ఒక్కొక్కరూ మధ్యలో ఎన్నిసార్లు లేచారో, ఎన్నిసార్లు పడ్డారో అందులో కనిపించదు. రోజువారీ నిలకడకు ఈ దారిని పూర్తిగా పక్కన పెట్టండి.

మిగిలినవి మూడు: రాత్రిపూట ఒక్కసారి రాసే డైరీ, రోజుకు రెండుసార్లు తీసే రీడింగ్, రోజుకు అయిదారుసార్లు ఫోన్ మోగినప్పుడల్లా ఇచ్చే జవాబు. అసలు ఎంపిక ఈ మూడింటి మధ్యే.

రాత్రి డైరీ మనుషులకు సులువు. పద్నాలుగు రోజులు పెట్టినా పెద్దగా విసుగు రాదు. అయితే రోజంతటినీ ఒక్క గుక్కలో గుర్తుచేసుకుని రాస్తారు కాబట్టి, పడుకోబోయే ముందు ఉన్న అలసట స్కోరు మీద పడుతుంది. పొద్దున ఆఫీసు మీటింగులో తగిలిన దెబ్బ సాయంత్రానికి మానిపోయి ఉంటే డైరీకి అది దొరకదు. రోజు మొత్తం మీద ఒక సంఘటన, దాని ప్రభావం చాలు అనుకునే పరిశోధనకు డైరీ మంచిదే.

రోజుకు రెండుసార్లు తీయడం కెర్నిస్ పద్ధతి. పొద్దున పదింటికి, రాత్రి పదింటికి, నాలుగైదు రోజులపాటు రోజెన్‌బర్గ్ స్కేలునే 'ఈ క్షణంలో ఎలా ఉంది' అని మార్చి నింపించేవారు. ఆ మొత్తాల స్టాండర్డ్ డీవియేషనే, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే లెక్కే, ఊగిసలాటకు కొలత. పది, పది అని పెట్టుకుంటే రీడింగుల మధ్య దూరం ప్రతిసారీ పన్నెండు గంటలే ఉంటుంది. లెక్క చేసేటప్పుడు ఇది చాలా కలిసొస్తుంది.

రోజుకు ఆరుసార్లు, ఏడు రోజులు తీస్తే 42 రీడింగులు. ఏ గంటలో ఏం జరిగిందో, ఎంతసేపటికి మనిషి తేరుకున్నాడో చూడాలంటే ఇదే దారి. చిక్సెంట్‌మిహాయీ, లార్సన్‌లు పేజర్ల కాలంలో తెచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు ఫోన్లోకి వచ్చేసింది. మన ఊళ్లో దీనికి అడ్డంకులు వేరు. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే అభ్యర్థి ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. కాల్‌సెంటర్లో పనిచేసేవాళ్ల ఫోన్ లాకర్లో ఉండొచ్చు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే మెట్రోలో నిలబడి ఉన్నవాళ్లకు పక్కవాళ్ల కళ్లు తెర మీదే ఉంటాయి, 'నేను ఎందుకూ పనికిరాను' అన్న ప్రశ్నకు నిజం నొక్కరు. తప్పిపోయే రీడింగులు కూడా యాదృచ్ఛికంగా తప్పిపోవు, ఒత్తిడి ఎక్కువగా ఉన్న గంటలే ఖాళీగా మిగులుతాయి. కొలవాలనుకున్నది సరిగ్గా అక్కడే ఉంటుంది.

మా సలహా: ఎక్కువమందికి రోజుకు రెండుసార్లు చాలు. కానీ అయిదు రోజులతో ఆపొద్దు, పద్నాలుగు రోజులు తీయండి.

ఎన్ని రీడింగులు కావాలి

సగటు కట్టడానికి నాలుగైదు రీడింగులున్నా సరిపెట్టుకోవచ్చు. స్టాండర్డ్ డీవియేషన్‌కు అలా కుదరదు. దాని లోపాన్ని ఉజ్జాయింపుగా ఇలా లెక్కించొచ్చు: రీడింగుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, రెండుతో గుణించి, వర్గమూలం కట్టి, దానితో డీవియేషన్‌ను భాగించాలి. ఒక మనిషి డీవియేషన్ 4 అనుకుందాం. అయిదే రీడింగులుంటే లోపం సుమారు 1.4. పదికి 0.94. ఇరవై ఎనిమిదికి 0.54. అంటే అయిదు రీడింగులతో ఒకరికి 3, ఇంకొకరికి 5 వచ్చిందని ఇద్దరినీ వేరు గుంపుల్లో పెడితే, ఆ తేడా వట్టి గాలివాటం కావొచ్చు. రోజుకు రెండు చొప్పున పద్నాలుగు రోజులు అన్నది ఈ లెక్కలోంచే వచ్చింది. 28లో కనీసం 20 రీడింగులు లేనివాళ్ల డీవియేషన్‌ను విశ్లేషణలోకి తీసుకోకండి, సగటు మాత్రం వాడుకోవచ్చు.

ఏ ప్రశ్నలు: అసలు పని ఇక్కడే

1991లో హెదర్టన్, పొలివీ తయారుచేసిన స్కేలు క్షణికమైన ఆత్మగౌరవం కోసమే పుట్టింది. ఇరవై అంశాలు, పనితీరు, నలుగురిలో నిలబడటం, రూపం అని మూడు భాగాలు. ఏ భాగం ఊగుతోందో విడిగా తెలియాలంటే దీన్ని మించింది లేదు. కానీ 28సార్లు నింపితే 560 జవాబులు. నాలుగో రోజు నుంచీ చూడకుండా నొక్కేస్తారు. రోజుకు ఒక్కసారికైతే వాడుకోవచ్చు.

రెండో కొసన ఒకే ఒక్క ప్రశ్న ఉంది. 2001లో రాబిన్స్, హెండిన్, ట్రెస్నెవ్‌స్కీ ఇచ్చిన ఏకవాక్య స్కేలు: నాకు ఆత్మగౌరవం ఎక్కువ అన్న వాక్యానికి ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పడం. ఇంగ్లిష్‌లో అది బాగానే నడుస్తుంది. తెలుగులో మాత్రం బోల్తా పడుతుంది. 'ఆత్మగౌరవం' అన్న మాట మనకు మనస్తత్వశాస్త్రం నుంచి రాలేదు. 1982 నుంచి తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదం విన్నాం, తెలంగాణ ఉద్యమంలో అదే మాట మళ్లీ విన్నాం, కోకాపేటలో కులసంఘాలకు కేటాయించిన స్థలాల్లో వచ్చినవీ ఆత్మగౌరవ భవనాలే. 'మీకు ఆత్మగౌరవం ఎంత ఉంది' అని అడిగితే, ఎవరి ముందూ తల వంచను అన్న అర్థంలో జవాబిస్తారు. అది రోజూ మారదు, మారిందని ఒప్పుకోవడమూ పరువు తక్కువే. ఫలితం: అందరికీ పదికి పది, డీవియేషన్ సున్నా. శీర్షికలో, నివేదికలో ఆ మాట వాడండి గానీ ప్రశ్నలో వాడకండి.

అందుకే రోజెన్‌బర్గ్ స్కేలును కుదించి, నాలుగు వాక్యాలు చేసుకోవడం మేలు. తెలుగులో రాసేటప్పుడు నాలుగు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది క్రియ. 'అనిపిస్తుంది' అంటే మామూలుగా అలా అనిపించడం, 'అనిపిస్తోంది' అంటే ఈ క్షణాన. ఒక్క అక్షరం మారితే కొలత స్వభావం నుంచి క్షణానికి మారిపోతుంది. అచ్చుతప్పు పడినా పద్నాలుగు రోజుల డేటా పాడవుతుంది. మూల స్కేలులోని 'అప్పుడప్పుడు', 'మొత్తం మీద' లాంటి మాటలు కూడా తీసేయాలి. 'ఈ క్షణంలో అప్పుడప్పుడు' అన్నది ఎవరికీ అర్థం కాదు.

రెండోది లింగం. 'పనికిరానివాణ్ణి' అని రాస్తే అమ్మాయిలకు కుదరదు, రెండూ గీత పెట్టి రాస్తే చదివే వేగం తగ్గుతుంది. 'పనికిరాను' అంటే ఇద్దరికీ సరిపోతుంది.

మూడోది 'గర్వం'. గర్వపడటానికి ఏమీ లేదు అన్న అంశాన్ని మాటకు మాట దించితే కొందరు అది మంచి లక్షణమనుకుని ఒప్పేసుకుంటారు, గర్వం లేకపోవడం మనకు సుగుణం కదా. 'చెప్పుకోదగ్గది' అనండి. అలాగే, నన్ను నేను ఇంకా గౌరవించుకోగలిగితే బాగుండు అన్న ఎనిమిదో అంశాన్ని వదిలేయండి. చాలా దేశాల అనువాదాల్లో అది మిగతా అంశాలతో కలవక ఇబ్బంది పెట్టింది.

నాలుగోది వ్యతిరేకం మీద వ్యతిరేకం. 'ఏమీ లేదు' అన్న వాక్యానికి 'అంగీకరించను' అన్న జవాబు పెడితే అలసిపోయిన మనిషి తప్పు నొక్కుతాడు. అంకెల కొసల్లో 'అస్సలు అలా లేదు', 'పూర్తిగా అలాగే ఉంది' అని పెడితే తిరకాసు ఉండదు.

ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే వాక్యాలు:

ఇప్పుడు నా మీద నాకు తృప్తిగా ఉంది.
నలుగురితో సమానంగా నాకూ విలువ ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.
నేను ఎందుకూ పనికిరానని ఇప్పుడు అనిపిస్తోంది.
నాలో చెప్పుకోదగ్గది ఏమీ లేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక్కోదానికి 0 నుంచి 10. చివరి రెండింటినీ పదిలోంచి తీసేసి కలపాలి. మొత్తం 0 నుంచి 40. నాలుగు గడుల స్కేలు పెట్టకండి. చిన్న చిన్న కదలికలు అందులో ఇరుక్కుపోతాయి, రోజూ అదే గడి నొక్కుతారు. కెర్నిస్ కూడా పది బిందువులకు విస్తరించింది ఇందుకు పనికొచ్చే మార్పే. మొదలుపెట్టే ముందు ఎనిమిది పదిమందితో పైకి చదివించి, ఏం అర్థమైందో చెప్పించండి. మొదటి రోజు పూర్తి రోజెన్‌బర్గ్ స్కేలు కూడా ఇవ్వండి. పద్నాలుగు రోజుల సగటు దానితో బాగా కలవకపోతే తప్పు మీ వాక్యాల్లోనే ఉంది. మన దగ్గర కొందరికి తెలుగు, కొందరికి ఉర్దూ, కొందరికి ఇంగ్లిష్ హాయిగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఒక మనిషికి చివరిదాకా అదే భాష ఉండాలి, మధ్యలో మారిస్తే ఆ మార్పు ఊగిసలాటగా లెక్కలోకి వస్తుంది.

కాగితమా, ఫోనా

కాగితం డైరీ వద్దు. 2002లో స్టోన్, షిఫ్‌మన్ బృందం దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లకు కాంతిని పసిగట్టే చిప్ దాచిన డైరీలు ఇచ్చింది. పుస్తకం ఎప్పుడు తెరిచారో ఆ చిప్ చెబుతుంది. వేళకు రాశామని 90 శాతం పత్రాల్లో ఉంది. నిజంగా వేళకు రాసినవి 11 శాతం. ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చిన గుంపులో అది 94 శాతం. కాగితం గుంపులో మిగతావి వేళ తప్పి నింపినవే. నిలకడ కొలతలో ఇది ఘోరమైన తప్పు, ఎందుకంటే తర్వాత ఒక్క కూర్చోవడంలో నింపిన ఆరు రోజుల అంకెలు ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. మనిషి ఉన్నదానికన్నా నిలకడగా కనిపిస్తాడు.

గూగుల్ ఫామ్స్ ఉచితం, అందరికీ తెలుసు. వాట్సాప్‌లో లింకు పంపితే చాలు. కానీ పిలిచిన ప్రతిసారీ గడువు చూసుకుని అది తానుగా మూసుకోదు. టైమ్‌స్టాంప్ చూసి, పిలిచిన గంట తర్వాత వచ్చిన వరుసల్ని మీరే తీసేయాలి. షీట్ సెట్టింగులో టైమ్‌జోన్ భారత కాలమానంలో ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాధనం నెట్ లేకున్నా నడుస్తుంది, మొదలుపెట్టిన, ముగించిన సమయాలు రెండూ దాచుతుంది, కానీ గుర్తుచేయదు. ఎమ్-పాత్ అనే యాప్ ఈ పనికే తయారైంది: తానే మోగుతుంది, గడువు దాటితే ప్రశ్నలు మాయమవుతాయి. ముప్ఫై మందికి మించితే దాన్ని నేర్చుకోవడానికి పట్టే రెండు రోజులు వృథా కావు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం ఇలాంటి యాప్‌లను నిద్రపుచ్చుతాయి. ఫోన్ చేతికి తీసుకుని ఆ ఆంక్షను మీరే తీసేస్తే రెండో రోజు నుంచి 'మోగలేదండీ' అన్న ఫిర్యాదు రాదు.

గచ్చిబౌలి, మాదాపూర్‌లలో నైట్‌షిఫ్టు చేసేవాళ్లకు పొద్దున పది అంటే నడిరాత్రి. వాళ్లకు గడియారం వదిలేసి, లేచిన గంటకు ఒకటి, పడుకునే గంట ముందు ఒకటి అని పెట్టండి. రెండు వారాల్లో వినాయక నిమజ్జనమో, బోనాలో, ఫలితాల రోజో వస్తే ఆ తేదీలు షీట్‌లో వేరే వరసలో గుర్తుపెట్టండి. తర్వాత వాటితో ఒకసారి, లేకుండా ఒకసారి లెక్కించుకోవచ్చు.

లెక్క కట్టేటప్పుడు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే ఇద్దరిని ఊహించుకోండి. అయిదు రోజులు, పది రీడింగులు. మొదటి మనిషికి ప్రతి పొద్దున 32, ప్రతి రాత్రి 24. రెండో మనిషికి మొదటి అయిదు రీడింగులూ 24; మూడో రోజు మధ్యాహ్నం ప్రిలిమ్స్ కీ సరిచూసుకున్నాక మిగతా అయిదూ 32. ఇద్దరి సగటూ 28. ఇద్దరి స్టాండర్డ్ డీవియేషనూ 4.2. ఈ రెండు అంకెలే రాస్తే ఇద్దరూ ఒకటే.

ఇప్పుడు వరుస తేడాలు చూడండి. ప్రతి రీడింగులోంచి దాని ముందుదాన్ని తీసేసి, వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీయాలి. మొదటి మనిషికి 8. రెండో మనిషికి 2.7. ఒకరు రోజూ ఎక్కి దిగుతున్నారు, ఇంకొకరు ఒక్క మెట్టు ఎక్కి అక్కడే నిలబడ్డారు. అయితే మొదటి మనిషిని అస్థిరుడనేయకండి. పొద్దుటి రీడింగులు విడిగా, రాత్రివి విడిగా లెక్కిస్తే రెండింట్లోనూ డీవియేషన్ సున్నా. అది రాత్రి అలసట, అంతే. కాబట్టి మూడూ నివేదించాలి: మొత్తం డీవియేషన్, వరుస తేడా, పొద్దు రాత్రి విడదీశాక మిగిలేది. మధ్యలో ఒక రీడింగు తప్పిపోతే ఆ ఖాళీ మీదుగా తేడా తీయకండి. అక్కడ దూరం 24 గంటలు అయిపోతుంది.

ఇంకో ఉచ్చు స్కేలు పైకప్పు, అంటే అంతకు మించి స్కోరు పోలేని హద్దు. సగటు 36 ఉన్న మనిషికి పైకి నాలుగే మెట్లున్నాయి, ఊగడానికి చోటు లేదు. ఒక సగటు దగ్గర డీవియేషన్ గరిష్ఠంగా ఎంత ఉండగలదో తెలుసుకోవాలంటే సగటును, నలభైలోంచి సగటు తీసేయగా మిగిలినదాన్ని గుణించి వర్గమూలం తీయండి. 36 దగ్గర అది 12. 20 దగ్గర 20. ఇద్దరికీ డీవియేషన్ 3 వస్తే, మొదటివారు వాడుకున్న చోటు 25 శాతం, రెండోవారిది 15 శాతం. అంకె ఒకటే అయినా ఊగిసలాట ఒకటి కాదు. ఎక్కువ స్కోరున్న గుంపును నిలకడైనవాళ్లని తేల్చే ముందు ఈ దిద్దుబాటు చేసి చూడండి.

లెక్కకు ముందు చెత్త ఏరాలి. 'తృప్తిగా ఉంది'కి 10, 'ఎందుకూ పనికిరాను'కీ 10 ఉంటే ఆ రీడింగు తీసేయండి. నాలుగు ప్రశ్నలకు అయిదు సెకన్లు కూడా పట్టకపోతే అదీ తీసేయండి.

డీవియేషన్ ఇంత దాటితే అస్థిరం అన్న గీత ఎక్కడా లేదు. గుంపులో ఒకరితో ఒకరిని పోల్చొచ్చు, ఒకే మనిషిని కౌన్సెలింగ్‌కు ముందు, తర్వాత పోల్చొచ్చు. ఒక్క మనిషి అంకె చేతిలో పెట్టి ముద్ర వేయకూడదు. రీడింగులు సాగుతుండగా గ్రాఫు చూపించడమూ వద్దు, చూసినవాళ్లు మరుసటి రోజు గీతను సరిచేయడానికి జవాబిస్తారు.

ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది పద్దెనిమిది నిండనివాళ్లు. తల్లిదండ్రుల లిఖిత సమ్మతి, పిల్లల ఒప్పుదల రెండూ ఉండాలి, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి అంతకు ముందే ఉండాలి. హాస్టల్ గదిలో నలుగురు ఉంటారు కాబట్టి తెర మీద ప్రశ్నావళి పేరు 'రోజువారీ ప్రశ్నలు' అని మాత్రమే పెట్టండి. డేటాను వారం చివర కాక రోజూ రాత్రి తెరిచి చూసే మనిషి ఒకరుండాలి. వరుసగా మూడు నాలుగు రీడింగులు అట్టడుగున ఉన్నవాళ్లకు ఆ మర్నాడే ఫోన్ చేయాలి. సమ్మతి పత్రంలోనూ, ప్రతి ఫారం చివరా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కనిపించాలి. అది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.